మార్చి అయిపోగానే ఆ కాగితమంతా ఎక్కడికి పోతోంది? స్కూళ్ల, జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు ఒక పేరెంట్ బహిరంగ లేఖ

యాజమాన్యాలకు నమస్కారం.

మాది ఖమ్మం. పిల్లల్లో పెద్దవాడు ఇంటర్ సెకండియర్, చిన్నది ఏడో తరగతి, ఇద్దరూ ప్రైవేటులోనే. పేరెంట్ రాసిన లేఖ అనగానే ఫీజుల గొడవ అనుకుంటారేమో, అది కాదు, ఫీజుల మీద రాయాలంటే ఇంకో లేఖ పడుతుంది. ఇది కాగితం గురించి. జూన్‌లో మీరు మాకు అమ్మే కాగితం, ఏడాది పొడవునా మీరు ప్రింట్ కొట్టించి పంచే కాగితం, మార్చి నెలాఖరుకి మీ క్యాంపస్‌లలో, మా ఇళ్లలో గుట్టలుగా మిగిలిపోయే కాగితం. ఆ తర్వాత అది ఏమవుతోందో మీలో ఎంతమంది పట్టించుకున్నారో నాకు అనుమానమే. మీ బ్రోచర్లలో ఏసీ క్లాస్‌రూముల దగ్గర్నుంచి ఆలిండియా ర్యాంకుల దాకా అన్నీ ఉంటాయి గానీ ఈ ముక్క మాత్రం ఎక్కడా కనబడదు.

నాకు ఇందులో కొంచెం తెలుసు. మా అక్కవాళ్లకి పాత పేపరు, పాత ఇనుము కొట్టు ఉంది. బావగారు చాలా ఏళ్లుగా అదే పని మీద ఉన్నారు, సెలవుల్లో ఆ కాటా పక్కన కూర్చుని ఏ కాగితం దేనికి పనికొస్తుందో చూస్తూ పెరిగినవాళ్లలో మా పిల్లలూ ఉన్నారు. ఆయన ఎప్పుడూ ఒక మాట అంటారు, పేపరు మిల్లులో పాడవదు, వీధిలోనే పాడవుతుంది అని. ఈ లేఖంతా ఆ ఒక్క మాట మీదే.

ఇంటర్ ఆఖరి పరీక్ష రోజు ఏ హాస్టల్ ముందుకైనా వెళ్లి చూడండి. మీకు తెలియంది కాదు. పిల్లలు మూడో అంతస్తు నుంచి మెటీరియల్ చింపి చింపి కిందికి విసురుతుంటారు, రోడ్డంతా తెల్లగా అయిపోతుంది, వీడియోలు తీసి స్టేటస్‌లు పెట్టుకుంటారు. రెండేళ్లు ఆ గదుల్లో మగ్గిన పిల్లల మీద నాకు కోపం లేదు, నా కొడుకు కూడా ఈ మార్చిలో అదే చేస్తాడేమో, చేసినా తిడతానని చెప్పలేను. కానీ మర్నాడు పొద్దున ఏమవుతుంది? మున్సిపాలిటీ వాళ్లు వచ్చి ఆ కాగితాన్ని మెస్‌లోంచి వచ్చిన సాంబారు నీళ్లతో, అరటి తొక్కలతో కలిపి బండిలోకి ఎత్తుతారు. అక్కడితో దాని కథ అయిపోయింది. తడి తగిలి, నూనె అంటుకుని, రెండు రోజులు ఆ వేడిలో మగ్గిన కాగితాన్ని ఏ పాత పేపరు కొట్టువాడూ కొనడు, ఏ మిల్లూ తీసుకోదు.

మా ఇంటికి దగ్గర్లో ఒక క్యాంపస్ ఉంది, పేరెందుకులెండి. అక్కడ ఏటా ఏప్రిల్‌లో కాంపౌండ్ వాల్ వెనక మిగిలిపోయిన మెటీరియల్ తగలబెడతారు. వాడనివి, కట్టలు కూడా విప్పనివి. ఎందుకు తగలబెడుతున్నారని వాచ్‌మన్‌ని అడిగితే, పాత మెటీరియల్ బయటికి పోతే వచ్చే ఏడాది కొత్తది ఎవరు కొంటారు సార్ అన్నాడు. ఆయన తన ఊహ చెప్పాడో, పైవాళ్ల మాట చెప్పాడో నాకు తెలియదు. కానీ నమ్మశక్యంగానే ఉంది, కాదంటారా?

ఇప్పుడు కొట్టులో ఏం జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే చాలామంది చదువుకున్నవాళ్లకి కూడా పాత పేపరు అంటే అంతా ఒకటే. కాదు. న్యూస్‌పేపరు వేరు, అట్టపెట్టెలు వేరు, రంగు రంగుల పత్రికల కాగితం వేరు, నోట్‌బుక్ తెల్ల కాగితం వేరు. ఒక్కోదానికి ఒక్కో రేటు. కలగాపులగంగా వస్తే అన్నిటికీ కలిపి అన్నిటికంటే తక్కువ రేటు. నోట్‌బుక్కులు, టెస్ట్ పేపర్లు, జిరాక్సులు, అంటే మీ దగ్గర పుట్టేవన్నీ, మంచి రకం కిందికే వస్తాయి. పీచు గట్టిగా ఉంటుంది, గీతలు, పెన్ను రాతలు తప్ప పెద్దగా రంగుండదు, కాబట్టి దాన్నుంచి మళ్లీ రాసుకునే కాగితం చేయొచ్చు. అదే న్యూస్‌పేపరు, అట్ట అయితే ఇంకా కిందికి దిగుతూ పోతాయి, స్వీటు డబ్బాల అట్ట, కొరియర్ పెట్టెలు, అలా. కాగితంలో పీచు తిరగగుజ్జు అయిన ప్రతిసారీ కాస్త పొట్టిదవుతుంది, మహా అయితే ఐదారుసార్లు, ఏడుసార్లు, ఆ తర్వాత అది కాగితంగా నిలబడదు. అంటే మీ క్యాంపస్‌లో చెత్తబుట్టలో పడుతున్నది ఇంకా చాలా ఆయుష్షున్న కాగితం. ఒక్కసారి వాడి పారేస్తున్నాం.

మిల్లులో పని కూడా పెద్ద బ్రహ్మవిద్య ఏం కాదు. పెద్ద తొట్టిలో నీళ్లు పోసి కాగితాన్ని గిలక్కొడతారు, గుజ్జవుతుంది, జల్లెళ్ల మీదుగా పంపి పిన్నులు, ప్లాస్టిక్ ముక్కలు తీసేస్తారు. రాసే కాగితం చేయాలంటే సబ్బులాంటి మందు కలిపి గాలి బుడగలు వదులుతారు, సిరా ఆ నురగకి అంటుకుని పైకి తేలుతుంది, దాన్ని లాగేస్తారు. పిన్నులతో వాళ్లకి పెద్ద ఇబ్బంది లేదు, బరువుగా ఉంటాయి కాబట్టి కిందికి దిగిపోతాయి. పేచీ అంతా వేరే వాటితో. ఒకటి, పుస్తకం వీపుకి వేసే వేడి గమ్ము, అది చిన్న చిన్న జిగురు ముక్కలై గుజ్జులో తిరుగుతూ మిషన్ జల్లెడకి పట్టుకుంటుంది. రెండోది, అట్టల మీద ప్లాస్టిక్ పొర. మూడోది నూనె, అది ఏ నీళ్లకీ వదలదు. ఇడ్లీ పార్సిల్ కాగితం, మిర్చి బజ్జీల కాగితం కొట్టుకి తెస్తే మా బావగారు దూరం నుంచే చేయి ఊపుతారు. (న్యూస్‌పేపర్లో తినేవి చుట్టొద్దని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016 నుంచీ చెప్తూనే ఉంది, అది ఆరోగ్యం కోసం. మీ క్యాంటీన్లలో ఒకసారి చూసుకోండి.)

ఇక చెట్ల సంగతి. మీ ప్రతి స్కూల్లోనూ ఒక చార్టు ఉంటుంది, టన్ను కాగితం రీసైకిల్ చేస్తే 17 చెట్లు బతుకుతాయని. మా చిన్నది కూడా వేసింది, ఫస్ట్ ప్రైజు వచ్చింది, కొత్త చార్టు మీద కొత్త స్కెచ్ పెన్నులతో. ఆ 17 అనేది అమెరికాలో ఎప్పుడో కట్టిన లెక్క, అక్కడి చెట్ల లెక్క. మన దగ్గర కాగితం పెద్ద పెద్ద అడవి చెట్ల నుంచి రావడం లేదు. ఒకప్పుడు వచ్చేది, ఆదిలాబాద్ అడవుల వెదురు కాగజ్‌నగర్ మిల్లుకి, గోదావరి ఏజెన్సీ వెదురు రాజమండ్రి మిల్లుకి పోయేది. 1988 జాతీయ అటవీ విధానం వచ్చాక, మీకు కావాల్సిన కలప రైతుల దగ్గర పెంచుకోండి అని మిల్లులకి చెప్పారు. అప్పటి నుంచి మా వైపు భద్రాచలం దగ్గరి సారపాక మిల్లు చుట్టుపక్కల జామాయిల్ తోటలు, ప్రకాశం, గుంటూరు, కృష్ణా వైపు సుబాబుల్, కోస్తాలో సరుగుడు, ఇవన్నీ పొలాల్లో వేసి మూడు నాలుగేళ్లకి కొట్టి మిల్లుకి తోలే పంటలు. మిరప లాగా అదీ ఒక పంటే. కాబట్టి నోట్‌బుక్ రీసైకిల్ చేస్తే అడవిలో చెట్టు బతుకుతుందని పిల్లలకి చెప్తే అది సగం నిజమే.

మరైతే ఎందుకు చేయాలి అని అడుగుతారు. అసలు లెక్క ఇక్కడుంది. మొద్దు మిల్లుకి పోయాక బెరడు తీసి, ముక్కలు కొట్టి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన మందులో వేసి పెద్ద కుక్కర్లలో ఉడికిస్తారు. రాసే కాగితం కోసం ఉడికించినప్పుడు చెక్క బరువులో సగానికి పైగా గుజ్జులోకి రానే రాదు, లిగ్నిన్ అనే బంక పదార్థం నల్లటి ద్రవమై విడిపోతుంది. పెద్ద మిల్లులు ఆ నల్లద్రవాన్ని బాయిలర్లో మండించి తమకి కావాల్సిన ఆవిరి, కరెంటులో కొంత అక్కడే తీసుకుంటాయి, అది మంచిదే, మందులు కూడా కొంత తిరిగి వస్తాయి. కానీ గుజ్జుని తెల్లగా చేయడానికి మళ్లీ మందులు, మళ్లీ కడగడం. టన్ను కాగితానికి పదుల వేల లీటర్ల నీళ్లు. సారపాక అయినా రాజమండ్రి అయినా గోదావరి ఒడ్డునే ఎందుకు పెట్టారనుకుంటున్నారు? పాత తెల్ల కాగితం నుంచి చేసేటప్పుడు ఈ ఉడకబెట్టడం అంతా తప్పిపోతుంది, ఆ పని ఒకసారి అయిపోయింది కదా. నీళ్లు, మందులు, కరెంటు అన్నీ తగ్గుతాయి. సిరా మురికి మిగులుతుంది, కాదనను, చిన్న మిల్లు బొగ్గు బాయిలర్ మీద నడిస్తే పొగా ఉంటుంది. రీసైక్లింగ్ అనగానే అంతా పచ్చగా ఉంటుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. అయినా లెక్క కడితే మొద్దు ఉడకబెట్టడం కంటే ఇదే మేలు, అందులోనూ మంచి కాగితం శుభ్రంగా వస్తే.

ఇంకోవైపు చూడండి, రీసైకిల్ కాని కాగితం ఊరికే కూర్చోదు. హైదరాబాద్ శివారు జవహర్‌నగర్ లాంటి డంపింగ్ యార్డులో టన్నుల చెత్త కింద గాలి తగలకుండా కుళ్లితే కాగితం మీథేన్ అవుతుంది. వందేళ్ల లెక్కలో చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. ఆ యార్డుల్లో మంటలు అంటుకుంటే రోజుల తరబడి ఆరకపోవడానికి ఈ గ్యాసూ ఒక కారణం. మనం చూస్తున్నది మాత్రం పైన ఎగిరే కాగితాలే.

రైతులకి నష్టం కాదా అని మా పెదనాన్న కొడుకు అడిగాడు, వాళ్లకి జామాయిల్ తోట ఉంది. న్యాయమైన ప్రశ్న. సుబాబుల్ రేటు పడిపోయి, మిల్లులు కొనక, కొన్నా డబ్బులు నెలల తరబడి ఇవ్వక ప్రకాశం జిల్లా రైతులు రోడ్డెక్కిన సంగతి అందరికీ తెలుసు. కానీ ఆ కష్టం రీసైక్లింగ్ వల్ల వచ్చింది కాదు, కొనేవాళ్లు ఇద్దరు ముగ్గురే కావడం వల్ల, ఒప్పందాలు కాగితం మీదే ఉండటం వల్ల వచ్చింది. పైగా మన దేశంలో తయారయ్యే కాగితంలో, అట్టలో ఎక్కువ భాగం ఇప్పటికే పాత కాగితం నుంచే వస్తోంది, దాదాపు ముప్పావు వంతు. ఆ పాత కాగితం మన దగ్గర సరిపడా దొరక్క బయటి నుంచి తెచ్చుకుంటున్నాం.

ఇది నాకు అన్నిటికంటే సిగ్గుగా అనిపించే విషయం. అమెరికా, బ్రిటన్, ఇటలీ, గల్ఫ్ దేశాల వాళ్లు వాడి పారేసిన కాగితం ఏటా పదుల లక్షల టన్నులు ఓడల్లో మన పోర్టులకి వస్తోంది. చైనా 2018లో కలగలుపు కాగితం వద్దంది, 2021 నుంచి మొత్తం చెత్త దిగుమతే ఆపేసింది, దాంతో అందులో చాలా భాగం ఇటు తిరిగింది. అదిమి కట్టిన ఆ బేళ్లలో కాగితంతో పాటు ప్లాస్టిక్ చెత్త కూడా కలిసి వస్తుంది, ఉత్తరాదిన ముజఫర్‌నగర్ వైపు మిల్లుల చుట్టూ అది పోగుపడటం, తగలబెట్టడం మీద పత్రికల్లో ఎన్నో కథనాలు వచ్చాయి. అంటే డాలర్లు పోసి వాళ్ల చెత్త కాగితం కొంటున్నాం, మన పిల్లల మంచి తెల్ల కాగితాన్ని సాంబారులో కలిపి డంపింగ్ యార్డుకి పంపుతున్నాం.

ఎంతుంటుంది ఈ కాగితం అంటారా? రెండు రాష్ట్రాల్లో కలిపి ఇంటర్ పరీక్షలు రాసేవాళ్లే ఏటా సుమారు 20 లక్షల మంది. ఒక్కొక్కరి దగ్గర నోట్సు, మెటీరియల్, టెస్ట్ పేపర్లు అన్నీ కలిపి 10 కిలోలే అనుకోండి, నిజానికి మా వాడి మంచం కింద ఉన్నది అంతకంటే చాలా ఎక్కువ, అయినా పదే అనుకుంటే 20 వేల టన్నులు. టెన్త్ వాళ్లని, కింది తరగతుల వాళ్లని, ఇంజినీరింగ్ వాళ్లని ఇంకా కలపలేదు. అదంతా దాదాపు ఒకే రెండు నెలల్లో, ఒకే రకం కాగితం, వేరు చేయాల్సిన అవసరం కూడా లేకుండా కట్టలు కట్టలుగా దొరుకుతుంది. పాత పేపరు వ్యాపారంలో ఉన్న ఎవరినైనా అడగండి, ఇంతకంటే మంచి సరుకు ఇంకెక్కడా ఒకేచోట దొరకదు.

ఇక మీరు చేస్తున్నదేంటో చూద్దాం.

జూన్‌లో నోట్‌బుక్కుల కట్ట కొనాల్సిందే, అది మీ లోగోతోనే ఉండాలి. స్కూళ్లలో పుస్తకాలు అమ్మకూడదని ప్రతి జూన్‌లో డీఈఓల ప్రకటనలు పేపర్లో చదువుతూనే ఉంటాం, మీరూ చదువుతూనే ఉంటారు, మేము కొంటూనే ఉంటాం. సరే. ఆ నోట్‌బుక్కు అట్ట చూడండి, తళతళలాడే ప్లాస్టిక్ పొర, మీద మీ టాపర్ల ఫొటోలు. దానిమీద మళ్లీ ప్లాస్టిక్ కవరు వేసి రమ్మంటారు, వేయకపోతే డైరీలో రిమార్కు. మేము చదువుకున్నప్పుడు న్యూస్‌పేపరుతోనో, పాత క్యాలెండరుతోనో అట్ట వేసుకునేవాళ్లం, దాంతో చదువేం ఆగలేదు. మా చిన్నదానికి క్లాస్ వర్క్ వేరు, హోమ్ వర్క్ వేరు, ఫెయిర్ వేరు, రఫ్ వేరు, ఒక్కో సబ్జెక్టుకి. ప్రతి పాఠం కొత్త పేజీ నుంచి, హెడ్డింగ్‌కి ఒక పేజీ, మధ్యలో లైను వదలాలి. ఏడాది చివర్లో చూస్తే సగం పుస్తకాలు సగం కూడా నిండవు. మిగిలిన పేజీలు వచ్చే ఏడాది రఫ్‌కి వాడుకుంటానంటే మేడం ఒప్పుకోలేదట, యూనిఫార్మిటీ పోతుందట. స్కూలు బ్యాగు పిల్లల బరువులో పదో వంతుకి మించకూడదని 2020లో కేంద్రం బ్యాగు పాలసీ తెచ్చింది, పుస్తకాలు తగ్గిస్తే ఆ పుణ్యం కూడా మీకే.

కాలేజీల సంగతి ఇంకా వేరు. డైలీ టెస్టు, స్లిప్ టెస్టు, వీకెండ్ టెస్టు, అన్నీ ఒకవైపే ప్రింటు. ఎందుకండీ ఒకవైపు? రెండోవైపు రఫ్ వర్క్ కోసమని మావాడి లెక్చరర్ చెప్పారట, అయితే రఫ్ వర్క్ కోసం ఇంకో తెల్లకాగితం కూడా ఎందుకిస్తున్నారో మరి. రికార్డుల గురించి చెప్పనక్కర్లేదు. అదే లోలకం ప్రయోగం, అదే లవణ విశ్లేషణ, అదే బొద్దింక బొమ్మ, దళసరి కాగితం మీద, సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని మక్కీకి మక్కీ. ప్రాక్టికల్స్ అయ్యాక అవి ల్యాబ్ మూలన ఒక ఏడాది చెదలు పట్టి తర్వాత చెత్తలోకి. బీటెక్ ప్రాజెక్టు రిపోర్టులు, ఒకవైపు ప్రింటు, రెక్సిన్ బైండింగ్, బంగారు అక్షరాలు, ఎన్ని కాపీలో. ఎవరైనా చదివారా వాటిని?

కాగితాన్ని వేరుగా ఉంచమనడం నేను కొత్తగా పెడుతున్న షరతు కాదు. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి, చెత్త పుట్టిన చోటే తడీ పొడీ వేరు చేయాలని, ఎవరూ బహిరంగంగా తగలబెట్టకూడదని. అందులో 5,000 చదరపు మీటర్లకు మించిన సంస్థల గురించి ప్రత్యేకంగా చెప్పారు, చెత్తను అక్కడే వేరు చేయాలి, రీసైకిల్ అయ్యేదాన్ని గుర్తింపు ఉన్న చెత్త ఏరేవాళ్లకో, రీసైక్లర్లకో అప్పగించాలి. మీ రెసిడెన్షియల్ క్యాంపస్‌లు చాలావరకు ఆ లెక్కలోకి వచ్చేవే. స్వచ్ఛ సర్వేక్షణ్ బోర్డులు గేటు దగ్గర మీరే పెట్టించారు, పక్కన నీలం డబ్బా, ఆకుపచ్చ డబ్బా కూడా ఉన్నాయి, రెండూ సాయంత్రానికి ఒకే బండిలోకి పోతాయి. నీలం డబ్బాలో పడిన కాగితం ఆకుపచ్చ డబ్బాలో పడిన పెరుగన్నంతో కలిసే క్షణంలోనే దాని విలువ పోతుంది. పేపరు వీధిలోనే పాడవుతుందని మా బావగారు అనేది దీన్నే.

నేను అడిగేది కొండ మీది కోతిని తెచ్చిమ్మని కాదు. ప్రతి ఫ్లోరులో ఒక మూల ఒక గోతం వేలాడదీయండి, అందులో కాగితం తప్ప ఇంకేమీ వేయకూడదు, టిఫిన్ బాక్సు తుడిచిన టిష్యూ కూడా. దాని మీద ఒక అటెండర్‌కి బాధ్యత ఇచ్చి, అమ్మగా వచ్చిన డబ్బులు వాళ్లకే వదిలేయండి. ఇది ముఖ్యం. డబ్బులు మేనేజ్‌మెంట్ ఖాతాలో పడితే నెలలో ఆ గోతం మాయమవుతుంది, అటెండర్ జేబులో పడితే పదేళ్లు ఉంటుంది. ఆఖరి పరీక్ష రోజు పిల్లల్ని కాగితాలు విసరొద్దని తిట్టకండి, వినరు. దానికి బదులు ఆ రోజే హాస్టల్ ఖాళీ చేసేటప్పుడు గ్రౌండులో ఒక ట్రాలీ ఆటో నిలబెట్టండి, ఎవరి మెటీరియల్ వాళ్లు తెచ్చి వేస్తారు, సగం మంది ఇంటికి మోసుకుపోలేకే అక్కడ వదిలేస్తున్నారు. వాడని మెటీరియల్ ఉంటే దయచేసి తగలబెట్టకండి, దగ్గర్లో ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఉంటుంది, అక్కడి పిల్లలకి ఇవ్వండి. పాతదైనా వాళ్లకి పనికొస్తుంది, ఓం సూత్రం ఏడాదికోసారి మారదు.

నోట్‌బుక్కులు మీరే అమ్ముతానంటే అమ్ముకోండి, కానీ ప్లాస్టిక్ పొర లేని మామూలు అట్ట వేయించండి, మీ టాపర్ల మొహాలు దాని మీద కూడా బాగానే పడతాయి. రీసైకిల్ కాగితంతో చేసినవి అడగండి. అది మల్లెపువ్వులా ఉండదు, కొంచెం బూడిద రంగు, కొంచెం గోధుమ రంగు ఛాయ ఉంటుంది. ఆ తెల్లదనం కోసమే గుజ్జులో మళ్లీ మందులు పోస్తున్నది, కళ్లకి కూడా ఆ మసక రంగే హాయి. పేరెంట్స్ ఒప్పుకోరని అంటారు మీరు. ఒప్పుకుంటారు, జనవరిలో ఫీజు పెంచినప్పుడు ఒప్పుకున్నవాళ్లం, దీనికి ఒప్పుకోమా?

సగం మిగిలిన నోట్‌బుక్కు వచ్చే ఏడాది వాడనివ్వండి. నా ఉద్దేశంలో రీసైక్లింగ్ కంటే కూడా ఇదే ముందు. మా అమ్మ వేసవి సెలవుల్లో పాత నోట్సుల్లో తెల్లపేజీలు విప్పి, దబ్బనంతో పురికొస వేసి కుట్టి రఫ్ పుస్తకం చేసి ఇచ్చేది, అప్పట్లో అందరిళ్లలో అదే పని. టెక్స్ట్ పుస్తకాలు సీనియర్ల దగ్గర సగం ధరకి కొనేవాళ్లం, లేకపోతే విజయవాడ లెనిన్ సెంటర్లోనో, హైదరాబాద్ కోఠీలోనో పాత పుస్తకాల కొట్లలో వెతికేవాళ్లం. ఇప్పుడు మీ మెటీరియల్ ఏటా మారుతుంది. ఏం మారుతుందంటే అట్ట మీద సంవత్సరం, లోపల పేజీ నంబర్లు, లెక్కల వరుస. మావాడి ఫస్టియర్ మెటీరియల్, మా ఎదురింటి అమ్మాయికి ఆ తర్వాతి ఏడాది ఇచ్చిన మెటీరియల్ పక్కపక్కన పెట్టి చూశాను, కాబట్టి సిలబస్ మారిందని నాకు చెప్పకండి.

అమ్మితే ఎంతొస్తుంది ఆ చిత్తు కాగితం, దానికింత రాద్ధాంతమా అని ఒక కరస్పాండెంట్ గారు నాతో అన్నారు. నిజమే, మీ టర్నోవర్ ముందు అది గడ్డిపోచ. కానీ గోతాలు భుజాన వేసుకుని తిరిగే ఆడవాళ్లకి, తోపుడుబండి మీద పాత పేపర్లు కొనేవాళ్లకి, మా బావగారి లాంటి కొట్లకి, ఆ పైన మిల్లులకి అదే బతుకు. కాగజ్‌నగర్ మిల్లు 2014లో మూతపడితే ఊరు ఊరంతా ఎలా దిగాలుపడిందో, 2018లో మళ్లీ తెరుచుకునేదాకా కార్మికుల ఇళ్లలో ఎన్ని పెళ్లిళ్లు ఆగాయో ఆ వైపు చుట్టాలున్నవాళ్లకి తెలుసు. కాగితం అంటే తెల్లగా కనిపించే పేజీ ఒక్కటే కాదు, దాని వెనక ఇంతమంది ఉన్నారు.

మీలో కొందరు ఇప్పటికే బాగా చేస్తున్నారని కూడా విన్నాను, కొన్ని స్కూళ్లలో పిల్లలే నెలకోసారి పాత పేపర్లు తెచ్చి తూకం వేయించి, ఆ డబ్బుతో లైబ్రరీకి పుస్తకాలు కొంటున్నారట. వాళ్లకి ఈ లేఖ అక్కర్లేదు. మిగతావాళ్లకే.

ప్రీ ఫైనల్స్‌కి ముందు పేరెంట్స్ మీటింగ్ పెడతారు కదా, ర్యాంకుల చార్టు చూపించాక ఐదు నిమిషాలు ఈ విషయానికి ఇవ్వండి. మా పిల్లలు చదివే రెండు చోట్లా నేను ముందు వరుసలోనే కూర్చుంటాను, మైకు ఇస్తే నేనే మాట్లాడతాను. ఖమ్మం టౌన్‌లో ఏ క్యాంపస్ అయినా సరే, మార్చిలో ఒక్క రోజు ముందు కబురు చేస్తే బావగారు కాటా, గోతాలు, ట్రాలీ ఆటోతో వస్తానన్నారు, తూకం మీ ముందే, డబ్బులు అక్కడికక్కడే, అటెండర్ చేతికి. మిగతా ఊళ్లలో కూడా ప్రతి వీధికీ ఇలాంటి కొట్టు ఒకటి ఉంటుంది, మీ వాచ్‌మన్‌ని అడిగితే చెప్తాడు.

ఇట్లు,
ఖమ్మం నుంచి,
ఇద్దరు పిల్లల తండ్రి